మైకు డాక్టరుకు రావలసిన రెండో తుమ్ము

ఉదయం ఏడూ నలభైకి లిఫ్టు ముందు నిలబడి, "ఇప్పుడు మీట నొక్కుతున్నాను" అన్నాడు డాక్టరు. వినడానికి అక్కడ లిఫ్టు తప్ప ఎవరూ లేరు.

ఏ పనైనా ముందు పైకి చెప్పందే ఆయనకు చెయ్యి ఆడదు. పిల్లల క్యాన్సర్ వార్డులో ఆయన అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. అందరికీ మైకు డాక్టరే. హేమాహేమీలైన పరిశోధకులు కూర్చున్న సమావేశంలో "ఇప్పుడు ఆవలిస్తున్నాను" అని ప్రకటించి మరీ ఆవలించిన ఘనుడు. అప్పుడు ప్రసంగిస్తున్నది ఆయన పై అధికారి.

ఇంట్లోనూ ఇదే తంతు. "ఇప్పుడు నీ మీద కోప్పడబోతున్నాను" అంటాడట. మాట పూర్తయ్యేలోగా భార్య తడిబట్టల బుట్ట పట్టుకుని డాబా ఎక్కేస్తుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక్క తగువూ ముదరలేదు.

పదకొండేళ్లుగా ఆయనతో పనిచేస్తున్న పెద్ద నర్సుకు మాత్రం ఇది తీరని తలనొప్పి.

"ఇప్పుడు పెన్ను తీసుకుంటున్నాను సిస్టర్."

"తీసుకోండి సార్, ఎవరైనా అడ్డొచ్చారా?"

"ఇప్పుడు సంతకం పెడుతున్నాను."

"పెట్టండి మహాప్రభో! పెట్టని రోజు చెప్పండి, వింటాను."

ఆ రోజు ఆయన లిఫ్టెక్కి వెళ్తున్నది ఏడేళ్ల పాప దగ్గరికి. పాపకు ఆటిజం, పైగా రక్త క్యాన్సర్. మందులు రెండుసార్లు పనిచేసినట్టే చేసి మొహం చాటేశాయి. ఇక మిగిలింది డాక్టరు బృందం పరీక్షిస్తున్న కొత్త వైద్యం. పాప రక్తంలోంచి తెల్లకణాలు తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టి చంపడం వాటికి ల్యాబులో నేర్పి, తిరిగి ఎక్కిస్తారు. తీయడానికి నాలుగు గంటలు గొట్టాలతో కదలకుండా పడుకోవాలి. పాపకు దగ్గు ఉంది కాబట్టి మత్తివ్వడానికి లేదు. కిందటి వారం, డాక్టరు ఊళ్లో లేనప్పుడు, ఒకసారి ప్రయత్నించారు. ఎవరో చెప్పకుండా వెనకనుంచి తలగడ సర్దారు. పాప ఉలిక్కిపడి గొట్టం పీకేసింది. ఇవాళ రెండో ప్రయత్నం. ఇదీ తప్పితే మూడోదానిదాకా జబ్బు ఆగదు.

"ఇప్పుడు తలుపు తీస్తున్నాను. ఇప్పుడు కుర్చీ లాగుతున్నాను. కిర్రుమంటుంది" అన్నాడు డాక్టరు.

పాప చెవులు మూసుకుంది. కుర్చీ కిర్రుమంది. పాప చేతులు తీసేసింది.

"ఇప్పుడు గొట్టం తగిలిస్తున్నాను. చల్లగా ఉంటుంది."

అన్నట్టే ఉంది. పాప ఒప్పుకుంది. నర్సు నాలుక చివరిదాకా వచ్చిన వెక్కిరింత మింగేసింది.

మూడు గంటల పది నిమిషాలు సాఫీగా గడిచాయి. అప్పుడు మైకు డాక్టరు, జీవితంలో మొదటిసారి, చెప్పాపెట్టకుండా తుమ్మాడు.

పాప చెయ్యి గొట్టం మీదికి వెళ్లింది. నర్సుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"చెప్పలేదు!" అంది పాప.

"తప్పు నాదే. ఇంకోటి వస్తోంది. ఈసారి చెప్పే తుమ్ముతాను."

పాప చెయ్యి ఆగింది. ఆయన ముక్కుకేసి చూసింది.

"వస్తోంది... వస్తోంది... ఆగింది."

"ఎక్కడుంది?"

"ముక్కు మొదట్లో."

యాభై నిమిషాలపాటు ఆ తుమ్ము వస్తూనే ఉంది. పాప చూపు తిప్పలేదు, చెయ్యి కదపలేదు. పాప తల్లి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. కణాల సంచీ నిండింది.

బయటికొచ్చాక నర్సు అడిగేసింది. "ఇలాంటి పిల్లల కోసమా సార్, ఆ మైకు? మరి లిఫ్టుకెందుకు చెప్పడం?"

"పిల్లలకి మాత్రమే చెప్తే ఏదో ఒకరోజు మర్చిపోతాను సిస్టర్. అందుకే దేన్నీ వదలను. ఇప్పుడు టీకి వెళ్తున్నాను."

"ఇప్పుడు నేనూ వస్తున్నాను" అంది నర్సు. అన్నాక నాలుక కరుచుకుంది.

కణాలు తిరిగి ఎక్కించిన ఇరవై ఎనిమిదో రోజున పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరు గుమ్మంలో ఆగాడు.

"ఇప్పుడు మంచి మాట చెప్పబోతున్నాను."

"చెప్పేశారుగా సార్!" అంది నర్సు.

కాగితం మీద క్యాన్సర్ కణాల సంఖ్య సున్నా. తల్లి దాన్ని నాలుగుసార్లు చదివింది. పాప అటు చూడనైనా లేదు.

"రెండో తుమ్ము?" అంది.

"ఇంకా రాలేదమ్మా."

"ఇప్పుడు కుర్చీ లాగుతున్నాను. కిర్రుమంటుంది" అంది పాప. లాగింది. ఆయన ముక్కుకు సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది.