ఉమాశ్రీ, గాలిలో మనిషి

పుప్పాలగూడలో సక్కుబాయి కూతురు ఉమాశ్రీ ప్రశ్నలకు ఇల్లంతా జడిసేది. బర్రె కళ్లు మూసుకుంటే దాని లెక్కన మనం ఉన్నట్టా లేనట్టా అని పాలు పితికే వేళ అడిగితే ఎవరికి ఓపిక ఉంటుంది? సక్కుబాయి ఆ పిల్లను పక్క గదికి తోలేది. అందులో కిరాయికుండే ఖలీల్ సాబ్ అరబ్బీ పాఠాలు చెప్పి రిటైరైన ఒంటరి మనిషి.

"జర దీన్ని కూసోబెట్టుకో సాబ్. నా పని తెమలనిస్తలేదు."

కాసేపైనా నోరు మూస్తుందని ఆయన అరబ్బీ అక్షరాలు దిద్దించాడు. అక్షరాలొచ్చాయి, వాక్యాలొచ్చాయి, నోరు మాత్రం మూతపడలేదు. వెయ్యేళ్ల కిందట బుఖారా వైపు ఒక వైద్యుడు అచ్చం నీలాగే అడిగేవాడని ఒకరోజు ఆయన నోరు జారాడు. ఇక ఆ పిల్లను పట్టేవాళ్లు లేకపోయారు.

చుట్టూ పొలాలు అపార్టుమెంట్లవుతుంటే ఆమె డిగ్రీ, ఎం.ఏ. దాటి ఇస్లామిక్ తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది. 'నేను' అంటే ఏమిటన్న దాని మీద ఆ వైద్యుడి మాటలే ఆమె పరిశోధన. పట్టా వచ్చింది, కొలువు రాలేదు. ఇంటర్వ్యూల్లో ఆమె పేరు చూసి, సబ్జెక్టు చూసి, మళ్లీ పేరు చూసేవారు. చివరికి కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదిరింది. గల్ఫ్ బ్యాంకుల యాప్‌లలో అరబ్బీ సరిగా పడిందో లేదో చూసే పని.

"ఏంది బిడ్డా, గింత సదివి గిదా?" అంది సక్కుబాయి.

"ఇంటికే క్యాబ్ వస్తదమ్మా."

"అయితే మంచిగనే ఉంది."

ఒక వానాకాలం మధ్యాహ్నం టీకని దిగుతుంటే ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగి, లైటు ఆరిపోయింది. పక్కన మేనేజరు పార్థసారథి, భీమవరం మనిషి. ఇద్దరి ఫోన్లూ పైన టేబుళ్ల మీదే ఉన్నాయి. గంట నొక్కితే వస్తున్నామని ఎవరో అన్నారు గానీ రాలేదు.

"నా చేతులు నాకే కనబడట్లేదండి," అన్నాడు పార్థసారథి. మళ్లీ మళ్లీ గంట నొక్కాడు.

ఉమాశ్రీకి తెలిసిన వైద్యం ఒక్కటే, ఆ బుఖారా వైద్యుడి ప్రశ్న. "సార్, ఒక మనిషి గాల్లో ఉన్నడు. ఏం కనబడది, ఏం వినబడది, చెయ్యికి చెయ్యి తగలది. అయినా తను ఉన్నట్టు ఆయనకు తెలుస్తదా?"

"ఎవరండీ ఆయన? ఏ టీమ్?"

"ఏ టీమూ కాదు సార్. ఊరికే అనుకోండి."

"తెలుస్తుందండి. నేనున్నానని నాకిప్పుడు తెలుస్తూనే ఉంది. అదే కదా బాధ."

ఉమాశ్రీ ఉలిక్కిపడింది. ఆ మనిషికి తానున్నట్టు తెలుస్తుందని ఆమె ఇన్నేళ్లు చదివింది. తెలిశాక సంతోషిస్తాడా, భయపడతాడా అని తనకెప్పుడూ తట్టలేదు. ఇద్దరూ వాదనలో పడ్డారు. మెకానిక్ వచ్చి తలుపులు తెరిచి రమ్మంటే, "ఒక్క నిమిషం ఆగండి, మేడమ్ ఏదో చెబుతున్నారు," అన్నాడు పార్థసారథి.

ఆ తర్వాత వారం ఆఫీసులో భోజనాల వేళ ఆయనే పట్టుబట్టి ఆమె చేత మాట్లాడించాడు. జనం బిర్యానీ కోసం వచ్చారు. బిర్యానీ అయిపోయాక కూడా కొందరు లేవలేదు. ఆ ఊపులోనే ఆమె ఆ ప్రశ్న మీద వ్యాసం రాసింది. అది అచ్చయ్యాక నగరంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి పిలుపొచ్చింది.

"ఈ ప్రశ్న మీకెక్కడ తట్టిందమ్మా?" అని ఇంటర్వ్యూలో పెద్దాయన అడిగాడు.

"లిఫ్టులో సార్."

అందరూ నవ్వారు. నవ్వడం అయ్యాక కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. టీలు చల్లారిపోయాయి.

కొలువులో చేరిన రోజు గంట పాఠానికి సరిపడా తయారై వెళ్లింది. బోర్డు మీద మొదటి వాక్యం దగ్గరే పిల్లలు ప్రశ్నలతో పట్టుకున్నారు. రెండో వాక్యం రాయనివ్వలేదు. గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది.

"పిల్లలెట్లున్నరే?" అంది సక్కుబాయి.

"కొట్లాడుతున్నరమ్మా," అని ఉమాశ్రీ మారు అన్నం పెట్టించుకుంది.