గాలి సిలిండర్‌కు కట్టిన దారం

నాకు అనుమానం ఎక్కువ. పాలు పోయించుకుని చెంబులో వేలు ముంచి చూసే మనిషి మా అవ్వ. ఆమె పోలికే వచ్చిందని ఇంట్లో అనేవాళ్లు. తొంభైల్లో మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఫైర్ స్టోరు తాళాలు నాకు అప్పగించినప్పుడు, సరైనవాడికే ఇచ్చారని నేనే అనుకున్నాను.

హెల్మెట్లు, గమ్‌బూట్లు, మంటకు తట్టుకునే కోట్లతో పాటు స్టోరులో నాలుగు గాలి సెట్లు ఉండేవి. పొగలోకో, విషవాయువు నిండిన గుంతలోకో దిగేవాడు సిలిండర్‌ను వీపుకు తగిలించుకుని, రబ్బరు మాస్క్ ముఖానికి బిగించుకుంటాడు. లోపల గాలి అయిపోతే మనిషి బయటికి రాడు. ప్రతి సోమవారం వాటిని చూసి, గాలి నిండుగా ఉందని చీటీ రాసి, సంతకం పెట్టి సిలిండర్‌కు కట్టడం నా పని.

సిలిండర్లు నింపే షాపు సూరారంలో ఉండేది. ఒకసారి ఆ షాపతను అడిగాడు.

"ఏంది సార్, మీ కాడ రోజూ మంటలు లేస్తున్నయా? నెల గాకముందే సగం ఖాళీ అయి వస్తున్నయి."

ఆ నెలంతా మా దగ్గర చిన్న పొగ కూడా లేవలేదు. మరి గాలి ఎవరు తీస్తున్నట్టు? స్టోరు రెండో తాళంచెవి పెద్ద ఫైర్‌మ్యాన్ దగ్గర ఉండేది. లాల్‌గడి మలక్‌పేట నుంచి సైకిల్ మీద అందరికంటే ముందు వచ్చేవాడు. ఊళ్లో అతని ఇంటివాళ్లకు ట్రాక్టర్ ఉందని విన్నాను. ఇంకేముంది, టైర్లకు మా గాలే కొట్టుకుంటున్నాడని తేల్చేశాను. గాలి గొట్టమేమైనా ఉందేమోనని అతని సంచి కూడా వెతికాను. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తప్ప ఏమీ దొరకలేదు. దాంతో నా అనుమానం తగ్గలేదు, ఇంకా జాగ్రత్తపరుడని అనిపించింది.

మా ఇంటావిడ పూలు కట్టే దారం తెచ్చి, సాయంత్రం వెళ్లేముందు ఒక్కో సిలిండర్ వాల్వుకు కట్టాను. పొద్దున వచ్చి చూస్తే రెండు తెగి ఉన్నాయి. మూడు రోజులు అదే తంతు. మేనేజరు దగ్గరికి వెళ్లి అతని మీద ఫిర్యాదు రాసిచ్చాను.

"రేపు పట్టుకొని నా దగ్గరికి తీసుకురా. అటునుంచి అటే ఇంటికి పంపిద్దాం" అన్నాడాయన.

మర్నాడు ముందే వచ్చి కోట్ల వెనక నక్కాను. పెద్దాయన వచ్చి వాల్వు తిప్పాడు. మాస్క్ పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, గోడ గడియారం చూస్తూ గాలి పీల్చుకుంటున్నాడు. ట్రాక్టరు లేదు, టైరు లేదు. నేను బయటికొచ్చి, ఎవరినడిగి గాలి తీస్తున్నావని నిలదీశాను. అతను ఉలిక్కిపడలేదు. మాస్క్ మెల్లగా తీశాడు.

"పోయినేడు గుంతల పడ్డ పిలగాన్ని తీయనీకి దిగిన గద సార్. రెండు నిమిషాలకే మాస్క్ మొకానికి అతుక్కున్నది. గాలి లేదు. ఎట్లొచ్చి పైన పడ్డనో నాకే ఎరుకలేదు. ఆ పిలగాన్ని ఇంకొకలు దిగి తీసిండ్రు. గా సిలిండర్‌కు మీ చీటీ ఉండె, నిండుగున్నదని."

నేను సిలిండర్‌కు వేలాడుతున్న నా చీటీ వైపు చూశాను.

"వాల్వు తిప్పితేనే గాలెంతున్నదో సూపే సూది లేస్తది సార్. మీరు కుర్సీల కూసోనే సంతకం జేస్తరు. ఎవలికి జెప్పాలె? అందుకే నేనే పీల్చి సూస్తున్న. తక్కువున్నదాన్ని నింపనీకి పంపుతున్న."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. లోకాన్నంతా అనుమానించాను గానీ, నా సంతకాన్ని ఒక్కరోజూ అనుమానించలేదు. సిగ్గేసింది. అతని ప్రాణం ఒకసారి తీయబోయాను, ఇప్పుడు అతని నౌకరీ తీయబోతున్నాను.

మేనేజరు నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"దొంగ దొరికాడా?"

"దొరికాడు సార్" అని నా చీటీలు నాలుగూ ఆయన ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు నాకు తగినవే. మాస్క్ పెట్టుకుని చూశాకే సంతకం చెయ్యాలని, ఇంకోసారి ఇలా జరిగితే నేనే ఇంటికి పోవాలని చెప్పి పంపించాడు.

మరుసటి రోజు మొదటిసారి ఆ మాస్క్ నా ముఖానికి బిగించుకున్నాను. భయమేసింది. అయినా సూది చూసి, ఐదు నిమిషాలు పీల్చి, చీటీ రాసి పెద్దాయన చేతికిచ్చాను.

"మంచిగ జేసిండ్రు సార్" అన్నాడు. చీటీ చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, మాస్క్ తన ముఖానికి బిగించుకున్నాడు.