ముందు పడుగు, తర్వాత మాత్ర

నగరి మరమగ్గాల వీధుల్లో నర్సుగా తిరగడం మొదలుపెట్టిన నెలకే నా గొంతు పోయింది. ప్రతి ఇంట్లో ముందు గదిలోనే మగ్గాలు. అవి ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషికి కూడా అరిస్తే తప్ప వినపడదు. ఆ ఇళ్ల ఆడవాళ్లు మాత్రం అరవరు. పెదాల కదలిక చూసి ఎదుటివాళ్ల మాట పట్టుకుంటారు. నేనూ నేర్చుకున్నాను. మా పైఅధికారికి ఆ విద్య రాదు. పోనీ, తెలిసినవాళ్లు చెబితే వినే ఓపిక కూడా లేదు. అందుకు ఇంకొకరు అనుభవించాల్సి వచ్చింది.

నా రోగుల్లో ఒకామె, నలభై ఏళ్లు దాటి ఉంటాయి. భర్త లేడు. రెండు మగ్గాల మీద పావడ గుడ్డ నేసి కూలి తీసుకునేది. షావుకారు పడుగు నూలు పంపితేనే మగ్గం ఆడేది, పొయ్యి వెలిగేది. క్షయ అని తేలిన రోజు నన్ను ఒక్కటే అడిగింది.

"మాత్రలు మింగుతా సిస్టరమ్మా. ఆ పేరు మాత్రం మా వీధిలో ఎత్తొద్దు. షావుకారికి తెలిస్తే పడుగు నిలిపేస్తాడు."

ఎత్తలేదు. బీపీ చూడ్డానికి వచ్చినట్టే వచ్చేదాన్ని. గడపలో నిలబడి ఉత్త పెదాలతో "మింగినావా" అంటే, మగ్గం ఆపకుండానే మాత్రల ఖాళీ అట్ట ఎత్తి చూపించేది. రెండు నెలలు ఒక్క పూట తప్పలేదు. ఆ తర్వాత చేసిన తెమడ పరీక్షలో క్రిమి కూడా కనపడలేదు.

అప్పుడు తనిఖీ అని చిత్తూరు నుంచి జీపు వచ్చింది. దారి పొడుగునా అధికారికి చెప్పుకుంటూనే వచ్చాను, లోపలికి పోయి మెల్లగా అడుగుదాం సార్ అని. "నాకు ఇంకా నాలుగు ఊళ్లున్నాయమ్మా" అని గడప దగ్గరే నిలబడ్డాడు. ఒకసారి అరిచాడు. ఆమెకు వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచాడు. మూడోసారి నోరు తెరిచేసరికి కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, ఆయన మాత్రం ఆగలేదు.

"టీబీ మాత్రలు సక్రమంగా మింగుతున్నావా, లేదా?"

ఎదురింటి ముసలమ్మ తల బయట పెట్టింది. "ఎవురికే టీబీ?"

నాలుగు రోజులకు ఆమె మగ్గాల మీదున్న పడుగు అయిపోయింది. కొత్తది రాలేదు. నేను వెళ్తే తలుపు తియ్యలేదు, కిటికీలోంచి మాట్లాడింది.

"మీ జీపు వచ్చేదాకా నాకు జబ్బొకటే ఉండె. ఇప్పుడు కూడు గూడా పాయె. ముందు పడుగు తే, తర్వాత మాత్ర తే."

"మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడతాదమ్మా."

"తిరగబడనీ. బతికి ఏం జేసేది, ఉత్త మగ్గాన్ని సూస్తా కూసునేదా?"

నెలాఖరు మీటింగులో ఆమె పేరు వచ్చినప్పుడు అధికారి ఏం రాయించాడో తెలుసా? రోగి సహకరించడం లేదు అని. నేను లేచి జరిగినదంతా చెప్పాను. ఆమెకు పడుగు ఇప్పించే మార్గం చూడకుండా మాత్రల గురించి మాట్లాడి లాభం లేదన్నాను.

"నువ్వు నర్సువా, నూలు ఏజెంటువా?" అన్నాడు.

గదంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఏ కుర్చీల్లో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. వాళ్లలో ఒకామె తర్వాత కూతురి పెళ్లికి పిలిచింది. పోలేదు.

మా డాక్టరు దగ్గరికి పోయి, ఈమె వల్ల ఇప్పుడు ఎవరికీ అంటదని ఒక కాగితం రాసివ్వమన్నాను. రోగి సంగతులు బయటపెట్టకూడదని నియమం ఉందన్నాడు. ఆ నియమం అధికారి జీపు దిగిన రోజు ఎక్కడికి పోయిందని అడిగాను. మూడు రోజులు, ఓపీ అయిపోయాక ఆయన గది ముందున్న బెంచీ మీద కూర్చున్నాను. చివరికి, ఆమె పేరుతోనే రాస్తాను, ఆమె చేతికే ఇవ్వు, చూపించుకోవడం ఆమె ఇష్టం అని రాసిచ్చాడు. ఆపిన మాత్రలు వెంటనే మళ్లీ మొదలుపెట్టాలని కూడా చెప్పాడు.

కాగితం కిటికీలోంచి చదివి వినిపించాను. అంతా విని గడియ తీసింది. "పదక్కా, నువ్వు గూడా రా" అంది.

షావుకారు వరండాలో కూర్చుని ఉన్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు. "నాకు అర్థమైంది తల్లీ. కొనేవాళ్లకు ఎవురు చెప్పేది?"

"మీరు చెప్పకుంటే వాళ్లకెట్ల తెలుస్తాదండీ? అయినా గుడ్డతో అంటే జబ్బు కాదిది" అన్నాను.

ఆమె నన్ను గమ్మునుండమని చెయ్యి చూపింది. "అన్నా, పదైదేండ్లు నీకు నేసినా. ఒక పోగు తప్పిందని ఏ పొద్దన్నా అన్నావా?"

ఆయన తల దించుకున్నాడు. "ఒక మగ్గానికి పంపిస్తా. రెండోదానికి తర్వాత సూద్దాం."

ఆమె నా వైపు చెయ్యి చాపింది. మాత్రలు ఇచ్చాను. షావుకారిని నీళ్లు అడిగింది. లోపలికి పోయి తెచ్చాడు. తలుపులోంచి కనపడుతున్న మంచినీళ్ల బిందె మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఆయన తెచ్చింది మాత్రం తాగి పారేసే ప్లాస్టిక్ గ్లాసు. నాకు మాట నోటిదాకా వచ్చింది. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ నీళ్లతోనే ఒక్కో మాత్రా మింగింది.

బయటికి వచ్చాక అడిగాను, ఎందుకు ఆపినావని.

"పడుగు రానీక్కా. ఆయప్పను మగ్గం ఆడేటప్పుడు తిట్టుకుంటా, ఎవురికీ ఇనపడదు" అంది.