నిదానం అని కోసిన రేకు

2013లో దసరాకు ముందటి శుక్రవారం, పొద్దున తొమ్మిదింపావు. నా చెల్లె మొగుడు కొత్త లారీని నా షాపు ముందు ఆపి, ఇంజను బందు చేసి, దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. లారీ డ్రైవరు బండి ఆపి కూడా దిగలేదంటే నడుమన్నా పట్టేసి ఉండాలి, మనసన్నా పట్టేసి ఉండాలి. అతని నడుము బాగానే ఉంది.

సాతంరాయి దగ్గర బెంగళూరు రోడ్డు మీద నాది వెల్డింగు షాపు. విమానాశ్రయం మొదలైన ఏడాది పెట్టాను. లారీలకు డాలాలు, అంటే వెనక తొట్టి పలకలు, కడతాను, ముందు గార్డులు చేస్తాను. గార్డంటే బంపరు ముందు బిగించే ఇనుప పైపుల కంచె. బర్రె అడ్డం వచ్చినా, ముందు బండి ఆగిపోయినా, దెబ్బ మొదట దానికి తగులుతుంది, తర్వాతే డ్రైవరు కాళ్లకు. నేను చేసిన గార్డు వంగుతుంది గానీ విరగదని ఈ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. ఇది గొప్పలు చెప్పుకోవడమే. నా పని బాగుంది కాబట్టి చెప్పుకుంటున్నాను.

చదువు నాకు యాభై దాటాక వచ్చింది. బడిలో రాలేదు. నా షాపు పక్కన లారీల మీద పువ్వులు, పేర్లు రాసే పెయింటర్ ఒకాయన ఉండేవాడు. ఆయన వెనక డాలా మీద ఒక అక్షరం రాస్తే, రంగు ఆరేలోపు దాని పేరు చెప్పించుకునేవాడిని. అందుకే నాకు మూరెడు అక్షరాలు ముందు వచ్చాయి, పేపర్లో ఉండే చీమ తలకాయలు తర్వాత వచ్చాయి. అంతకుముందు ఎవరన్నా రేకు మీద పేరు కోయమంటే ఆయన చాక్‌పీసుతో గీసేవాడు, నేను గీత వెంట గ్యాసు కట్టరు పోనిచ్చేవాడిని. దేవుడి పేరు కోస్తున్నానో, ఓనరు పేరు కోస్తున్నానో నాకు తెలిసేది కాదు.

తెలిసి, నేనే గీసి, నేనే కోసిన మొదటి మాట ‘నిదానం’. మందమైన రేకు మీద కోశాను. సున్నా కోసేటప్పుడు ఒక కిటుకుంది. చుట్టూ కోసుకుంటూ పోతే లోపలి బిళ్ళ ఊడి కింద పడుతుంది. కొంచెం చోట కోయకుండా వంతెనలా వదిలేయాలి. నేను వదిలాను. పెయింటర్ వచ్చి చూసి వంతెన లావైందన్నాడు. లావైతే లావైంది, బిళ్ళ నిలబడిందా లేదా అన్నాను.

ఆ రేకును ఎవరికీ అమ్మలేదు. నా చెల్లె మొగుడికి కొత్త బండి ఇచ్చాక, దాని గార్డుకు నట్టనడుమ బిగించాను.

ఎందుకు బిగించానో చెప్పాలి. అంతకుముందు అతను కందుకూరు వైపు కంకర లారీ నడిపేవాడు. ఒక తెల్లవారుజామున, వెనక లైట్లు లేని ట్రాక్టరు ఒకటి రోడ్డు మీద ఆగిపోయి ఉంటే, చూసుకోక గుద్దాడు. ఆ లారీకి గార్డు లేదు. మోకాలి చిప్ప పగిలింది. దవాఖానలో మంచం పక్కన నా చెల్లె కూర్చుని, అతను మళ్లీ స్టీరింగు పట్టాలంటే ముందు అన్న చేసిన గార్డు ఉండాలని మాట తీసుకుంది. కాలు కూడుకున్నాక విమానాశ్రయం కార్గోకు మందుల పెట్టెలు మోసే ఒక ట్రాన్స్‌పోర్టులో పని దొరికింది. ఏసీ క్యాబిను, మెత్తని సీటు. ఇలాంటి బండి మా ఇంట్లో ఎవరూ నడపలేదు. అందుకే మొదటి వారంలోనే గార్డు బిగించాం. నా చెల్లె రేకు కింద దిష్టి మొహం కట్టింది. మిరపకాయలు, నిమ్మకాయ సరేసరి. పసుపు, కుంకుమ రోజూ ఆమె చేత్తోనే.

ఇప్పుడు ఆ బండి పోయేలా ఉంది. అతను దిగకపోవడానికి అదే కారణం.

ఆ బండిలో ముందు వెళ్లే బండ్లను కనిపెట్టే రాడారుందట. ముందు బండికి మరీ దగ్గరగా పోతే అది కూత పెట్టాలి, అవసరమైతే తనే బ్రేకు నొక్కాలి. ఇది మాత్రం వేళాపాళా లేకుండా కూస్తోంది. పిచ్చెక్కి అతను స్విచ్చు నొక్కి దాని నోరు మూశాడు. గేటు దగ్గర ట్రాన్స్‌పోర్టు మేనేజరు చూశాడు. ఒకసారి మందలించాడు, రెండోసారి సాయంత్రం లోడుకు వేరే డ్రైవరు వస్తాడని చెప్పేశాడు. బండి అమ్మిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూసేదాకా ఆగుతాననడం ఒక్కటే ఆయన చేసిన దయ.

“ఖాళీ రోడ్డుకు మొత్తుకుంటది బావా, ముందల బస్సున్నా మొత్తుకుంటది,” అన్నాడు చివరికి దిగి. “అన్నిటికీ మొరిగే కుక్క మాట ఎవడు నమ్ముతడు?”

అవతలి తలుపు తీసుకుని నా చెల్లె కూడా దిగింది. కొంగుతో రేకు తుడిచింది.

కాసేపటికి మేనేజరు, బండి నా షాపు దగ్గరుందని ఫోనులో తెలుసుకుని, తన కారులో ఇంజనీరును తీసుకుని వచ్చాడు. మేనేజరుది కోస్తా వైపు, మాట మర్యాదగా ఉంటుంది. ఇంజనీరు ఆడపిల్ల, మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్ తెరవలేదు. బండి ముందుకు వచ్చి నిలబడి, వంగి, రేకు వెనక్కి టార్చి వేసి చూసింది. చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఈ రేకు ఎవరు పెట్టారని అడిగింది. నేనే అన్నాను. చాలా గట్టిగా పెట్టారంది. గట్టిగా పెట్టకపోతే ఊడుతుందన్నాను. అప్పుడు ఆ అమ్మాయి నన్ను కూడా వంగి చూడమంది. బంపరు నడుమ అరచేయంత నల్లటి ప్లాస్టిక్ మూత ఉంది. బిగించిననాడు నేనూ చూశాను, కంపెనీ వాడు సోకు కోసం పెట్టాడనుకున్నాను. గార్డు బిగించక ముందు మొదటి రోజు నా చెల్లె బొట్టు పెట్టింది కూడా దానికే. నున్నగా, సరిగ్గా నడుమ ఉంది, బండికి అదే నొసలు అనుకుంది. ఆ పసుపు ఎండి గట్టిపడి ఇంకా అలాగే ఉంది.

“రాడారు దాని వెనకే ఉందండి,” అందా అమ్మాయి.

తర్వాత వివరంగా చెప్పింది. అది కంటితో చూడదట. బావిలోకి మనం కేక వేస్తే తిరిగి వస్తుంది చూడండి, అలా కేకలు వేస్తూ, తిరిగి వచ్చిన దాన్ని బట్టి ముందు ఏముందో, ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుందట. ప్లాస్టిక్ దానికి అడ్డం కాదు, ఇనుము అడ్డం. దాని ముక్కు ముందే ఇనుప రేకు ఉంటే కేక అక్కడే తగిలి వెనక్కి వస్తుంది. నా అక్షరాల సందుల్లోంచి కొంచెం బయటికి పోతుంది, పైపులకు తగిలి ఇంకొంచెం పక్కలకు పోతుంది. దానికేమీ అర్థం కాక కూస్తుంది. బంపరుకు గార్డు బిగించేటప్పుడు ఆ మూత కూడా కొంచెం వంకర తిరిగిందట. డ్రైవరు తప్పు ఏమీ లేదంది.

మేనేజరు అయితే గార్డు తీసేయండి, అయిపోతుంది అన్నాడు.

నేను తీయనన్నాను. గార్డు లేకపోతే నా చెల్లె మొగుణ్ణి బండెక్కనివ్వదు. అది ఆమెకిచ్చిన మాట. గార్డు ఉంటే నువ్వు ఎక్కనివ్వవు. మరి అతను ఏం తొక్కాలి, సైకిలా అన్నాను. మేనేజరు నొచ్చుకున్నాడు.

“గార్డుకు నేనేమీ వ్యతిరేకం కాదండి, పెద్దాయన గారూ,” అన్నాడు. “ఆ కూత ఆపి మాత్రం నా బండి గేటు దాటదు. మందులు పంపేవాళ్ల షరతు అది.”

ఇద్దరిదీ న్యాయమే. నేను నా న్యాయం పట్టుకుని నిలబడ్డాను, ఆయన ఆయనది పట్టుకుని నిలబడ్డాడు. నా చెల్లె మొగుడు లారీ టైరు వంక చూస్తూ నిలబడ్డాడు. మోకాలు విరిగిన మనిషికి మెత్తని సీటు పోతే మళ్లీ కంకర లారీయే గతి. క్లచ్చి తొక్కినప్పుడల్లా పళ్ళు బిగపట్టడమే.

అప్పుడు నా చెల్లె నోరు తెరిచింది. ఆమె అడిగింది నన్ను కాదు, మేనేజరును కాదు. ఆ ఆడపిల్లను.

“బిడ్డా, లైట్లు లేకుండ ఆగిపోయిన ట్రాక్టరును గిది చూస్తదా?”

ఆ పిల్ల ఊరికే ‘చూస్తుంది’ అని చెప్పేస్తే పని సులువయ్యేది. చెప్పలేదు.

“చీకటైనా, మంచైనా మనకంటే ముందు కనిపెట్టగలదమ్మా. కదిలే బండినైతే బాగా పడుతుంది. ఆగిపోయిన దాన్ని ప్రతిసారీ పడుతుందని నేను ఒట్టు వేయను. కానీ దాని మొహం మూసేస్తే ఏదీ పట్టదు.”

నా చెల్లె తల ఊపింది. బండి ముందుకు పోయి దిష్టి మొహం తాడు విప్పింది. మిరపకాయల తీగ తెంపింది.

“అన్నా, గార్డు దెబ్బ తగిలినంక కాపాడుతది. గిది దెబ్బ తగులకుండ కాపాడుతదంటుంది. నాకు రెండూ గావాలె. చేస్తవా?”

నేను పానా తీసుకున్నాను.

బండి మీద వెల్డింగు చేయవద్దంది ఆ అమ్మాయి, లోపలి వైర్లు కాలిపోతాయని. ఆ మాట నాకు తెలుసు, అయినా చెప్పనిచ్చాను. బోల్టులు విప్పి గార్డును కింద దించాం. ‘నిదానం’ రేకు విప్పి గోడకు ఆనించాను. ఆ అమ్మాయి చాక్‌పీసు అడిగింది. ఇచ్చాను. గార్డు నడుమ ఎంత ఖాళీ ఉండాలో గీసింది. దగ్గర ఇరుకు, దూరం పోను పోను వెడల్పు, చాట ఆకారంలో. రాడారు కేక అలా పరుచుకుంటుందట. ఇంతకాలానికి మళ్లీ నా షాపులో ఒకరు చాక్‌పీసుతో గీస్తే నేను గీత వెంట కోయడం. కాకపోతే ఈసారి ఏం కోస్తున్నానో నాకు తెలుసు.

నడుమ పైపులు కోసేస్తే గార్డు బలం పోతుంది. రెండు వైపులా వేరు వేరు ముక్కలవుతాయి. దానికి నేను చేసింది ఇది: కింద, మూత కంటే బాగా దిగువన, లావు పైపును వంచి ఈ చివర నుంచి ఆ చివరకు వేశాను. పక్కల రెండు పైపులను ఎద్దు కొమ్ముల్లా పైకి లేపి ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, కొనలకు బోల్టులతో కలిపాను, బంపరు మీద బరువు పడకుండా. బలం చుట్టూ తిరిగి పోతుంది, నడుమ నోరు తెరిచే ఉంటుంది. ఆ అమ్మాయి నా చుట్టూ తిరుగుతూ, ఈ కొమ్ము ఇంకొంచెం పక్కకు జరగాలంది. జరిపాను. ఇంకొంచెం అంది. నీ ఇంట్లో పీట జరిపినట్టు జరపమంటున్నావు, ఇది ఇనుము బిడ్డా అన్నాను. నవ్వింది. ఈసారి నవ్వు బాగానే ఉంది.

ఈలోపు నా చెల్లె తడిగుడ్డతో మూత మీది పసుపును తనే తుడిచింది. నొసలు తుడిచినట్టు అనిపించిందేమో, తుడిచి చేతులు జోడించింది. ఇకపై దాని మీద ఏదీ అంటించవద్దనీ, వెండి రంగు పెయింటు కూడా పనికిరాదనీ ఆ అమ్మాయి చెప్పి, వంకర తిరిగిన మూతను సరిచేసి, అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి బండికి వైరు తగిలించింది.

మధ్యాహ్నానికి బిగించడం అయింది. ఇక చూడాలి. చూడాలంటే ముందు ఒక బండి పోవాలి. ఎవరి బండి? అక్కడ ఉన్నది మేనేజరు కారొక్కటే.

“నా కారేనా అండీ?” అన్నాడాయన. “లారీ వెనకాలే వస్తుందా?”

“పరేషాన్ కాకు సార్,” అన్నాడు నా చెల్లె మొగుడు. పొద్దుటి నుంచి అతను నవ్వడం అదే మొదలు. “బ్రేకు నా కాలి కిందనే ఉంది. కూతేమో దానిది.”

సర్వీసు రోడ్డు మీద లారీ కదిలింది. నేను, నా చెల్లె, ఆ అమ్మాయి క్యాబినులో ఇరుక్కుని కూర్చున్నాం. ముందు ఖాళీ రోడ్డు. నేను చెవి రిక్కించాను. చప్పుడు లేదు. ఇంకొంచెం పోయాం. ఏసీ గాలి తప్ప ఏమీ వినపడలేదు. పొద్దున ఇదే రోడ్డు మీద చెవులు తూట్లు పడేట్టు కూసిందట. తర్వాత మేనేజరు కారు పక్క నుంచి వచ్చి మా ముందు చేరింది. ఆయన అద్దం దించి, రోడ్డు కన్నా వెనకే ఎక్కువ చూస్తున్నాడు. దగ్గరయ్యాం. డ్యాషుబోర్డు మీద చిన్న కారు బొమ్మ వెలిగింది. ఇంకా దగ్గరయ్యాం. కూత. ఒకటే, గట్టిగా, సరిగ్గా అవసరమైనప్పుడు. అతను బ్రేకు మీద కాలు వేశాడు. కూత ఆగిపోయింది.

నా చెల్లె తన మొగుడి మోకాలి మీద చెయ్యి వేసి, తీసేసింది.

తిరిగి వచ్చాక మేనేజరు కారు దిగి నుదురు తుడుచుకుని, సాయంత్రం లోడు ఈయనదే అన్నాడు. గార్డు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మిగిలిన బండ్ల డ్రైవర్లు కూడా గార్డులు అడుగుతున్నారు, వాళ్లను మీ దగ్గరికే పంపుతాను, ఇలాగే నోరు తెరిచి చేయండి అన్నాడు. తర్వాత అలాంటివి చాలా చేశాను. నడుమ ఖాళీ ఉన్న గార్డు ఈ రోడ్డు మీద ఎక్కడ కనపడినా, అది నాదైనా, నన్ను చూసి ఇంకొకడు చేసిందైనా, నా ఛాతీ కొంచెం వెడల్పవుతుంది.

రేకు గోడకే ఆని ఉంది. నా మొదటి అక్షరాలు. ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. నా చెల్లె దాన్ని రెండు చేతులతో లేపి లారీ వెనక్కి నడిచింది.

“ముందల పెడితే ఎవరు చదువుతరన్నా? ఎదురొచ్చేటోడు చదివేలోపే పాయె. వెనకొచ్చేటోనికి గద కావాలె నిదానం.”

యాభై ఏళ్లు దాటి చదువు నేర్చుకున్న నాకు ఆ ముక్క తట్టలేదు. చదువు రాని నా చెల్లెకు తట్టింది. వెనక డాలాకు బోల్టులేసి బిగించాను, సున్నాలో వంతెనతో సహా. దిష్టి మొహం అక్కడే దాని పక్కన కట్టింది. పసుపు, కుంకుమ రేకుకు పెట్టింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: తన కారును లారీ ముందు నడిపిన మేనేజరు, తెలియనిదాన్ని తెలుసని చెప్పని ఇంజనీరు పిల్ల, తన సీటు తను నిలుపుకున్న నా చెల్లె మొగుడు, రెండూ కావాలని అడిగిన నా చెల్లె, చేసిచ్చిన నేను.