మొదటి వల ముట్టుకున్న కుంతల

"అక్కా, నా గాజులు ఎవరినీ తీయనివ్వకు," అంది కుంతల.

"ఎవరు తీస్తారే? ముందు ఈ జావ తాగు," అన్నాను.

మా ఆఖరి మాటలు అవే. జావ తాగలేదు, తెల్లారేసరికి భీమవరం ఆసుపత్రిలో కన్ను మూసింది. ఇవాళ పొద్దున రొయ్యల ఐసు బండి నీళ్లు కార్చుకుంటూ మా వీధిన పోయింది. ఆ చల్లటి నీచువాసన తగిలాక ఇక నా నోరు ఊరుకోలేదు. నాకు సంతకం తప్ప చదువు లేదు, మా అక్క కూతురు రాస్తోంది. రాయి అమ్మడూ, నేను అన్నది అన్నట్టే రాయి.

కుంతల ఒడిశా నుంచి ఒక్కతే వచ్చింది. చేతినిండా వాళ్ల వైపు పునిస్త్రీలు వేసుకునే శంఖం గాజులు, పాపిట్లో సిందూరం. మొగుడు సూరత్ మిల్లులో ఉన్నాడంది. రొయ్యలు ఒలిచే షెడ్డులో నా పక్కనే నిలబడేది. తెలుగు ముక్క రాదు. ఐసులో వేళ్లు కొయ్యబారి మేమంతా టీకి లేస్తే, తను గంప చూపించి, వల చూపించి "ఇదేంటి?" అని అడిగేది. పేర్లకంటే ముందు మా తిట్లు వచ్చాయిలెండి. షెడ్డు దిగి మేం ఇళ్లకి పోతే తను చెరువు గట్లమ్మట వల లాగేవాళ్ల వెనకాల తిరిగేది, కూలీ నాలీ లేకుండా. చిరిగిన వలలు కుట్టిపెట్టింది, మొలలోతు బురదలో దిగి లాగింది. "ఒడియాదానికి వలెందుకే?" అని మగాళ్లు ఇకిలించారు. తర్వాత్తర్వాత తనే వల లాగే ముఠా కట్టి మేస్త్రి అయితే, ఆ ఇకిలించినవాళ్లే అందులో పనికి చేరారు. అంత మేస్త్రి అయినా ఒక్కడూ పేరు పెట్టి పిలవలేదు. ఒడియా మేస్త్రి! కన్నతల్లి పేరు పెట్టలేదా దానికి?

మా ఆయన పోయాక నన్ను ముఠాలోకి రమ్మంది. మా వైపు రొయ్యల పట్టుబడి రోజున కొబ్బరికాయ కొట్టి, మొదటి వలని ఓ పునిస్త్రీ చేత ముట్టిస్తారు. ఎప్పుడూ కుంతలే ముట్టుకునేది. విధవ గట్టు కూడా ఎక్కకూడదు. చెరువు ఆసామి నన్ను చూడగానే చిందులేశాడు.

"పంట నోటికొచ్చే వేళ ఈ బోసి మొహమేంటి మేస్త్రీ?"

కుంతల కన్నార్పలేదు. "మా ఊళ్లో మొదటి వల విధవే ముట్టుకోవాలండి. మొగుణ్ణి పట్టుకుపోయిన దేవుడికి ఆ మనిషిని చూస్తే సిగ్గేస్తుందండి. వల నింపి పంపుతాడు."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "పాత ఆచారమేనా?"

"మా తాతల నాటిదండి." అంటూనే నా చెయ్యి లాగి వల మీద పెట్టేసింది.

ఆ రోజు రొయ్య బాగా పడింది. అప్పట్నించి "ఆవిడ వచ్చిందా?" అని ఆసామే వాకబు చేసేవాడు. ఇంటికొస్తూ అడిగాను, నిజంగా మీ ఊళ్లో అంతేనా అని. "మా ఊళ్లో అయితే గుమ్మం దాటనివ్వరక్కా!" అని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, తెలియక.

తను పోయిందని తెలిసి నిన్న వాళ్ల అన్న వచ్చాడు. ఆసామీ దండ పట్టుకొచ్చాడు. శవం చేతికి గాజులు చూసి ఆ అన్న తెల్లబోయాడు. వచ్చీరాని తెలుగులో, "ఇవేంటి? మొగుడు చచ్చాకే కదా ఇది ఊరొదిలింది!" అన్నాడు.

ఆసామి మొహం మాడిపోయింది. "మరి మీ ఊళ్లో విధవే వల ముట్టుకోవాలట?"

"ఎవరు చెప్పారండీ? చావిట్లోకే రానివ్వం."

"అంటే ఇన్నేళ్లూ మమ్మల్ని మోసం చేసిందన్నమాట!" అని తెచ్చిన దండ బల్లమీద పడేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం మోసపోయారు బాబూ? మొదట కుంతల, తర్వాత నేను. మీ వల ముట్టింది ఎప్పుడూ విధవే. మీ చెరువు ఎండిందా? మీ మేడ కూలిందా? ఆ వలల మీదే కదా పై అంతస్తు లేచింది!"

ఆసామి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. పోతూ పోతూ, "ఎల్లుండి పట్టుబడికి నువ్వు గట్టెక్కకు," అన్నాడు. వాళ్లన్న గాజుల మీద చెయ్యేస్తే నా చెయ్యి అడ్డం పెట్టాను. గాజులతోనే కాలింది నా కుంతల.

ఊరుకాని ఊళ్లో కూడు తినడానికి చచ్చిన మొగుణ్ణి చేతులకి తొడుక్కుని బతికిందమ్మా. ఆ మాట నాకైనా చెప్పుకోలేకపోయింది. అలా చేసింది ఎవరు? మనమే కదా. నేను మాత్రం తొడుక్కోను. రేపు ముఠా కంటే ముందు వెళ్తాను. బోసి చేతుల్తోనే మొదటి వల ముట్టుకుంటాను. గెంటితే బురదలో పడతాను, బురద నాకేం కొత్త?

ఏదీ అమ్మడూ, మొదట్నించీ చదువు. ఇంకా గట్టిగా, వీధిలోకి వినబడాలి. పైన తన పేరు సరిగ్గా రాశావా? ఆ పేరు దగ్గర్నించే చదువు.