ఒక ఫోల్డర్, ఇద్దరు యజమానులు

2023 వానాకాలం. అప్పట్లో నేను ఉప్పల్‌లోని ఒక చిన్న సంస్థలో సర్వర్ల నిర్వహణ చూసేదాన్ని. ఒక ఉదయం నాచారం పారిశ్రామికవాడ నుంచి, పంపుల విడిభాగాలు తయారుచేసే కర్మాగారం వారు పిలిచారు. అక్కడి పని పద్ధతులన్నీ ఒక వికీలో, అంటే ఉద్యోగులే రాసి దిద్దుకునే అంతర్గత వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ ఉదయం అది తెరుచుకోవడం లేదు. మధ్యాహ్నం కొనుగోలుదారు తరఫున ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు. లోహాన్ని వేడిచేసి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ పద్ధతి పేజీ చూడనిదే ఆయన సరుకును ఆమోదించరు.

నాణ్యత విభాగం చూసే స్వర్ణలత గారిది భీమవరం వైపు. సర్వర్ చూసే మల్లేశ్‌ది జనగామ.

"నిన్న ఏమైనా మార్చారా?" అని మల్లేశ్‌ను అడిగాను.

"ఏం ముట్టలే మేడమ్. రాత్రి దాంక మంచిగనే నడిచింది."

"పోయిన నెల ఏదో కొత్తది పెట్టానన్నారు కదండీ?" అన్నారు స్వర్ణలత గారు.

"మీరడిగితేనే గద పెట్టిన! ఫోన్ల జూస్తే వికీ పట్టికలు సక్కగ కనవడ్తలేవని రోజు నా పానం దీసిన్రు."

ఆ వికీ నడిచే లినక్స్ సర్వర్‌లో ఇలాంటి వెబ్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ: లినక్స్‌ను కూర్చి అందించే బృందమే పరీక్షించి ఇచ్చే కట్ట. దాని వెర్షన్ పాతదిగా కనిపించినా, భద్రతా సవరణలు వాటంతటవే అందుతాయి. రెండవది అప్‌స్ట్రీమ్: అసలు తయారీదారుల నుంచి నేరుగా దించుకోవడం. కొత్త సౌకర్యాలు ముందే వస్తాయి, కానీ ప్రతి సవరణనూ మనమే తెచ్చుకోవాలి.

రెండింటినీ సమర్థించవచ్చు. సర్వర్‌లో చూస్తే, మల్లేశ్ రెండింటినీ కలిపేశాడని తెలిసింది. ప్యాకేజీ ఫోల్డర్‌లోనే అప్‌స్ట్రీమ్ ఫైళ్లు పరిచి, డేటాబేస్‌ను కొత్త రూపంలోకి మార్చాడు. ఆ సంగతి ప్యాకేజీ వ్యవస్థకు తెలియదు. రాత్రి భద్రతా సవరణ రాగానే, అది తన ఫోల్డరే కనుక పాత తరం ఫైళ్లను మళ్లీ పెట్టేసింది. పాత ప్రోగ్రామ్‌కు కొత్త డేటాబేస్‌ను చదవడం రాదు.

"గట్లయితే పోయిన నెల బ్యాకప్ ఎక్కిద్దాం మేడమ్, ఖతం."

"ఖతమయ్యేది నా నెల పనండీ! హీట్ ట్రీట్‌మెంట్ పేజీ దిద్దింది ఆ తరవాతే."

ఆమె మాట న్యాయమే. ముందు డేటాబేస్‌కు నకలు తీశాను. మల్లేశ్ పెట్టిన అప్‌స్ట్రీమ్ వెర్షన్‌నే వేరే ఫోల్డర్‌లోకి దించి, పాత సెట్టింగులు, బొమ్మలు అందులోకి తెచ్చి, వెబ్ సర్వర్‌ను అటు తిప్పాను. పేజీ తెరుచుకుంది. ఆ తర్వాతే ప్యాకేజీని తీసేశాను.

"ఇకమీదట సవరణలు ఎవరు తెస్తారు?" అని అడిగాను.

"నేనే తెస్త."

"మీరు సెలవులో ఉంటే?"

మల్లేశ్ స్వర్ణలత గారి వైపు చూశాడు. "మేడమ్‌కు నేర్పిస్త. పట్టికలు గావాలన్నది మేడమే గద."

"నేర్పండి," అన్నారామె. "ఇన్‌స్పెక్టర్ గారు వెళ్లగానే కూర్చుందాం. తప్పించుకుంటారేమో, గేటు దగ్గర చెప్పి ఉంచుతా."

ఇన్‌స్పెక్టర్ వచ్చి, దిద్దిన పేజీని నిదానంగా చదివి, సరుకును ఆమోదించారు.

ఏ దారి మేలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ప్యాకేజీ చాలినచోట ప్యాకేజీయే మేలని నా అభిప్రాయం. చాలదని వాదించేవారిని ఒకటే అడుగుతాను: వచ్చే భద్రతా సవరణను తెచ్చిపెట్టేది ఎవరు? ఆ మనిషి లేని రోజున ఎవరు? రెండు పేర్లు చెప్పలేకపోతే, వాదన ఎంత గట్టిదైనా నేను పని మొదలుపెట్టను.