పైన ఇంకింత

లింగమూర్తి అన్నకు ఉన్నది ఒకటే జబ్బు. దేనికైనా పైన ఇంకింత కలపనిదే ఆయనకు ఊపిరాడదు.

చెప్పులు ఒక సైజు పెద్దవి కొంటాడు. ఆఫీసు మెట్ల మీద ఆ టపటపలు వినబడగానే ఆయన కింద పనిచేసే మేము ఫోన్లు పక్కన పెట్టేసేవాళ్లం. "యాభై ఏండ్లకు కాళ్లు పెరుగుతయా అన్నా?" అని నాతో పనిచేసే రంజిత్ అడిగితే, "ఎండకాలం వాస్తయి కదరా" అనేవాడు.

ఆఫీసులో ముగ్గురమే అయినా చాయ్‌లు అయిదు చెప్పేవాడు.

"మిగిలినయి ఎవలకు?"

"ఎవలో ఒకలు రారా?"

నిజంగానే వచ్చేవారు. కరెంటు మీటరు చూసే అతనో, కింద పూలమ్మే ఐలవ్వో. అందరం కలిసి వేములవాడ పోదామనుకున్న రోజు ఎంత ముందుగా వచ్చాడంటే, మా బస్సుకు ముందు బస్సెక్కి పోయి, మా పేర్ల మీద కూడా కొబ్బరికాయలు కొట్టి, మేము దిగేసరికి తిరుగు బస్సులో కూర్చుని చేయి ఊపుతున్నాడు.

కరీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో మా పని. విమానాలు నడిపేవాళ్ల పటాలను ట్యాబ్‌లోని మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. ఆ పటం నిండా గళ్లు. ఒక్కో గడిలో ఒక అంకె: ఇక్కడ ఇంతకంటే కిందికి దిగొద్దని. గడిలో అన్నిటికంటే ఎత్తయిన గుట్టనో టవర్‌నో చూసి, దాని పైన కనీసం ఇంకో వెయ్యి అడుగులు కలిపి ఆ అంకె వేస్తారు. మొదటి రోజు మాకు ఆ సంగతి చెబుతుంటే అన్న ముఖం దేవుడి పల్లకి ఎదురొచ్చినట్టు వెలిగింది.

"చూసినవా నవ్యా, నా అసొంటోడు ఎవలో ముందే కలిపి పెట్టిండు. మనం ఒక్క అడుగు కలపద్దు, ఒక్క అడుగు తియ్యద్దు."

లోకమంతటికీ ఇంకింత కలిపే మనిషి ఆ అంకెల జోలికి మాత్రం పోయేవాడు కాదు.

గడువుల సంగతి వేరు. పటాలు పంపిన కంపెనీకి పని ఎప్పుడియ్యాలో ఆయనకే తెలుసు. మాకు చెప్పేది మాత్రం ఎప్పుడూ ఎల్లుండే. "వెయ్యి అడుగులు తెచ్చి మా నెత్తి మీద పెడుతున్నవ్ అన్నా" అని రంజిత్ గొణిగేవాడు.

మొన్నటి వానాకాలం బెల్లంపల్లిలో మా బాపు మంచం పట్టాడు. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. ఊపిరి అందడం లేదు. "నిన్నే అడుగుతుండు బిడ్డా" అని అవ్వ ఫోన్ చేసింది. శుక్రవారానికి పటం ఇయ్యాలని అన్న చెప్పి ఉన్నాడు. "పని ఒడవంగనే వస్తనే అవ్వా" అన్నాను.

ఆ పూట నేను చేసిన గళ్లను అన్న సరిచూస్తున్నాడు. పటంలో వేల అంకె పెద్దగా, వందల అంకె దాని భుజం మీద చిన్నగా ఉంటుంది. ఒక వరుస పొడుగునా భుజం మీది చిన్న అంకెలన్నీ వదిలేశాను. గుట్టల మీద కలిపి పెట్టిన ఇంకింతను అలా కోసేశానన్నమాట. తిడతాడని తల వంచుకున్నాను.

"ఇంట్ల ఏమైంది?"

"ఏం లేదన్నా."

"నవ్యా!"

చెప్పాను.

"మరి ఇంకా ఈడెందుకున్నవ్? లే."

"శుక్రవారం..."

"శుక్రవారం ఎవడడిగిండు? వాళ్లడిగింది అవతలి బుధవారం."

రంజిత్ లేచి నిలబడ్డాడు. "అంటే గిన్ని రోజులు మమ్ముల ఉత్తగనే పరేషాన్ జేసినవా?"

"ఎవలకో ఒకలకు గిట్ల ఫోనొస్తది కదరా. గప్పుడు కావాలె గా రోజులు." తన పెద్ద చెప్పుల వైపు చూస్తూ అన్నాడు, "నన్ను గన్న అవ్వ పోయిననాడు నేనింకా దారిలనే ఉన్న."

ఆ రాత్రికే ఇంటికి చేరాను. అలా దొరికిన రోజులు నావి, బాపువి. "ఏం పని బిడ్డా నీది?" అని అడిగితే గళ్ల సంగతి చెప్పాను.

"వెయ్యి అడుగులా!" బాపు నవ్వబోయి దగ్గాడు. "బాయిల మాకు నెత్తి మీద జానెడుంటే గొప్ప. మంచిగున్నది మీ లెక్క."

బుధవారం రాకముందే పోయాడు. నా చేయి ఆయన చేతిలోనే ఉంది. అది దేవుడిచ్చిందనే అనుకుంటాను. లింగమూర్తి అన్న చేతుల మీదుగా ఇప్పించాడు.

దినాలకు అన్న ముందురోజే టపటపమంటూ దిగాడు. వంట చేసే దశరథం బియ్యం కొలుస్తుంటే పక్కన నిలబడి, "పైన ఇంకింత పొయ్యి" అన్నాడు.

"ఎవలు తింటరయ్యా?"

"ఎవలో ఒకలు రారా?"

బాపుతో బాయిలో దిగిన దోస్తులు, కబురు లేకుండానే, ఒక ట్రాలీ ఆటో నిండా వచ్చారు. దగ్గుతూ, బాపును తలుచుకుని ఏడుస్తూ, కడుపునిండా తిన్నారు. అన్నం వండిన గంజు అడుగు కనబడింది. అప్పుడు చూస్తే తినని మనిషి ఒక్కడే, ఖాళీ విస్తరాకు ముందు కూర్చుని ఉన్నాడు. అందరికీ కలిపినవాడు తనను లెక్కేసుకోలేదు.

"నాకు ఆకలి లేదు" అంటూ లేవబోయాడు.

ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మా అవ్వ లోపలికి పోయి, మూత పెట్టిన గిన్నె తెచ్చింది.

"కూసో కొడుకా. నీ సంగతి నవ్య చెప్పింది. అందుకే పైన ఇంకింత ఎత్తిపెట్టిన."

అన్న తలెత్తకుండా తిన్నాడు. అవ్వ గరిటె పట్టుకుని, "ఇంకింత?" అంది.

"చాలు అవ్వా" అన్నాడు.

ఆయన నోట ఆ మాట మేము వినడం అదే మొదటిసారి.